ఎఫ్‌టీఐఆర్‌కు గ్యాస్ సెల్: 10 సెంటీమీటర్లా, 10 మీటర్లా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: క్యాటలిస్ట్ రియాక్టర్ నుంచి వచ్చే మీథేన్, కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్‌ను ఎఫ్‌టీఐఆర్‌లో (గ్యాస్ ఏ పరారుణ కాంతిని ఎంత పీల్చుకుందో చూసి కొలిచే మెషీన్) కొలవాలి. ఆ తర్వాత కొన్ని పీపీఎంల (పది లక్షల్లో ఇన్ని భాగాలు) అమ్మోనియా కూడా చూడాలి. అన్నిటికీ పనికొచ్చేలా 10 మీటర్ల మల్టీపాస్ సెల్ (గ్యాస్ నింపే గది, అందులో కాంతి అద్దాల మధ్య తిరిగి మొత్తం 10 మీటర్లు వెళ్తుంది) ఒక్కటే కొనేస్తే మంచిదా అని అడిగారు. వద్దండీ. ఈ రెండు పనులూ ఒకే సెల్‌తో కుదరవు. విశాఖలో ఒక ల్యాబ్‌లో కొన్నేళ్ళు గ్యాస్ శాంపిల్స్ నడిపిన అనుభవంతో చెప్తున్నాను.

ముందు పొడవు లెక్క చూద్దాం. మీ గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ 5 శాతం ఉందనుకోండి, అంటే 50,000 పీపీఎం. 10 సెంటీమీటర్ల సెల్‌లోనే అది 5,000 పీపీఎం-మీటర్లు (గాఢతను కాంతి వెళ్ళే పొడవుతో గుణిస్తే వచ్చేది). 2349 వేవ్‌నంబర్ (ఒక సెంటీమీటరులో పట్టే కాంతి తరంగాల సంఖ్య) దగ్గర కాంతిని పీల్చుకునే పెద్ద బ్యాండ్ అప్పటికే సాచురేట్ అయి, అంటే అక్కడి కాంతి దాదాపు అంతా అయిపోయి, స్పెక్ట్రమ్ అడుగు బల్లపరుపుగా కనిపిస్తుంది. ఆ స్థితిలో గాఢత రెట్టింపైనా మీకు తేడా తెలియదు. 3600, 3700 ప్రాంతంలో ఉండే బలహీనమైన బ్యాండ్లతో లెక్కగట్టాలి, లేదా నైట్రోజన్‌తో పలచన చేయాలి. ఇక 10 మీటర్ల సెల్ పెడితే ఇంకేముంది? శాతాల్లో ఉన్న గ్యాస్‌కు 10 సెంటీమీటర్లే ఎక్కువ. 5 పీపీఎం అమ్మోనియా సంగతి దీనికి పూర్తిగా ఎదురు. చిన్న సెల్‌లో అది అర పీపీఎం-మీటరే కాబట్టి బేస్‌లైన్ నాయిస్‌లో కలిసిపోతుంది. పెద్ద సెల్ అవసరం అక్కడే.

పెద్ద సెల్ ఉచితంగా ఏమీ ఇవ్వదు. చాలావాటిలో 1942లో జాన్ వైట్ చూపించిన అమరికే ఉంటుంది: మూడు పుటాకార అద్దాల మధ్య కాంతి అటూ ఇటూ తిరుగుతుంది. ఒక్కో అద్దం 98 శాతం కాంతిని వెనక్కి పంపినా, 40 సార్లు తగిలేసరికి మిగిలేది 45 శాతమే. మామూలు డీటీజీఎస్ డిటెక్టర్‌తో సిగ్నల్ నీరసంగా వస్తుంది. ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచే, మరింత సున్నితమైన ఎంసీటీ డిటెక్టర్ ఉంటే నయం.

ఎవరూ ముందుగా అడగనిది ఘనపరిమాణం. 10 మీటర్ల సెల్ సుమారు 2 లీటర్లు పడుతుంది. మీ రియాక్టర్ ఫ్లో నిమిషానికి 100 మిల్లీలీటర్లు అయితే సెల్ ఒక్కసారి నిండేంత గ్యాస్ వెళ్ళడానికే 20 నిమిషాలు. అప్పటికీ పాత గ్యాస్ మూడో వంతుకు పైగా లోపలే ఉంటుంది, ఎందుకంటే కొత్తది పాతదాన్ని తోసేయదు, దానిలో కలుస్తుంది. పాతది ఒక శాతం కన్నా తగ్గాలంటే ఐదు వాల్యూమ్‌లు పోవాలి. అంటే గంటా నలభై నిమిషాలు! 100 మిల్లీలీటర్ల చిన్న సెల్‌లో అదే పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది. క్యాటలిస్ట్ ఉష్ణోగ్రత మార్చి ఫలితం వెంటనే చూడాలనుకునే మీకు ఈ తేడా చాలా పెద్దది.

ఇప్పుడు విండోలు, అంటే కాంతి సెల్‌లోకి వచ్చి బయటికి పోయే పలకలు. అందరికీ అలవాటైనది కేబీఆర్ (పొటాషియం బ్రోమైడ్), 400 వేవ్‌నంబర్ వరకు చూపిస్తుంది. కానీ తేమ తగిలితే మసకబారుతుంది. విశాఖలో వానాకాలం వస్తే మా కేబీఆర్ విండోలు డెసికేటర్ (తేమ తగలకుండా దాచే డబ్బా) వదిలి బయటికి వచ్చేవే కావు. మీ మూడు గ్యాసులకు అసలు కేబీఆర్ అక్కర్లేదు. మీథేన్ 3019, 1306 దగ్గర, కార్బన్ మోనాక్సైడ్ 2143 దగ్గర కనిపిస్తాయి. సుమారు 1100 వరకు పనిచేసే కాల్షియం ఫ్లోరైడ్ చాలు, దానికి తేమ భయం లేదు. నేనైతే మీ చిన్న సెల్‌కు కళ్ళు మూసుకుని అదే తీసుకుంటాను. అమ్మోనియాకు మాత్రం అది పనికిరాదు, దాని బలమైన బ్యాండ్లు 932, 968 దగ్గర ఉంటాయి. అక్కడ బేరియం ఫ్లోరైడ్ లేదా జింక్ సెలెనైడ్ కావాలి. జింక్ సెలెనైడ్ వక్రీభవన గుణకం 2.4 కాబట్టి రెండు విండోల దగ్గర పరావర్తనంలోనే దాదాపు సగం కాంతి పోతుంది. పైగా దానికి ఆమ్ల వాయువులు తగలనివ్వకండి, విషపూరితమైన హైడ్రోజన్ సెలెనైడ్ పుడుతుంది. ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు.

అమ్మోనియాతో అసలు కష్టం ఇంకొకటి ఉంది, అది గోడలకు అతుక్కుంటుంది. కాస్త తేమ ఉంటే మరీనూ. ఫ్లో మొదలుపెట్టాక రీడింగ్ మెల్లగా పైకి పాకుతూనే ఉంటుంది, నైట్రోజన్‌తో కడిగినా వెంటనే సున్నాకు రాదు. మా దగ్గర కొత్తగా చేరిన పిల్లలు అది చూసి రియాక్షన్ పెరుగుతోందని నోట్‌బుక్‌లో రాసేవారు. అందుకే వేడిచేయగల సెల్, వేడిచేసిన లైన్, టెఫ్లాన్ ట్యూబింగ్ అడగండి. ఇత్తడి ఫిట్టింగులు వద్దు. ఓ-రింగులు (గ్యాస్ కారకుండా వేసే రబ్బరు రింగులు) సాధారణంగా విటాన్‌వి వస్తాయి, అమ్మోనియాకు అవి సరిపడవు, ఈపీడీఎం రబ్బరువి వేయించుకోండి.

బ్యాక్‌గ్రౌండ్‌ను (పోల్చడానికి శాంపిల్ లేకుండా తీసే స్పెక్ట్రమ్) అదే సెల్‌లో, అదే పీడనంలో నైట్రోజన్ నింపి తీయాలి. రిజల్యూషన్ (పక్కపక్క గీతలను విడదీసి చూపే సూక్ష్మత) 1 వేవ్‌నంబర్ పెట్టండి. 4 పెడితే కార్బన్ మోనాక్సైడ్ గీతలు విడిపోకుండా రెండు గుట్టల్లా కనిపిస్తాయి. కాలిబ్రేషన్ ఏ రిజల్యూషన్‌లో, ఏ పీడనంలో చేశారో శాంపిల్స్ కూడా అలాగే నడపాలి. డబ్బు కట్టే ముందు మీ మెషీన్ శాంపిల్ కంపార్ట్‌మెంట్ కొలతలు, బీమ్ ఎత్తు సెల్ అమ్మేవాళ్ళకు పంపి, పడుతుందని రాతపూర్వకంగా తీసుకోండి.

మీ రియాక్టర్ అవుట్‌లెట్‌లో నీటి ఆవిరి ఎంత శాతమో మీరు రాయలేదు. అది ఎక్కువైతే చల్లని సెల్‌లో నీరు దిగుతుంది కాబట్టి చిన్న సెల్‌ను కూడా వేడిచేయాల్సి రావచ్చు. ఆ అంకె చెప్పండి, మిగతాది చూద్దాం.