రేడియేటర్ వాల్వ్ మాట వినకపోతే: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి అమ్మలుకు, మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. పాప గదికి ఆప్‌లో 21 డిగ్రీలు పెట్టావు, గదేమో 15 దాటడం లేదు, హాల్లో మాత్రం ఉక్కపోస్తోంది అన్నావు. పైగా వచ్చే నెల అమ్మానాన్నా గుంటూరు నుంచి వస్తున్నారు, వాళ్లకి ఇంగ్లండు జనవరి ఇదే మొదటిసారి. టెన్షన్ పడటంలో తప్పులేదు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబితే కలగాపులగం అవుతుంది, అందుకే కూర్చుని రాస్తున్నాను.

మీ ఇంట్లో బాయిలర్ కాచిన నీళ్లు పైపుల్లో ఒక్కో గదిలోని రేడియేటర్‌కి వెళ్లి గదిని వేడిచేస్తాయి, ఆ నీళ్లని వదిలేదీ ఆపేదీ రేడియేటర్ పక్కనున్న వాల్వ్. ముందు ఆ ఫోన్ పక్కన పెట్టు. వాల్వ్ మీద బిగించిన స్మార్ట్ హెడ్ తన మోటారుని ఎంత తిప్పిందో అదే ఆప్‌లో కనిపిస్తుంది. రేడియేటర్లోకి నీళ్లు నిజంగా వెళ్తున్నాయో లేదో దానికి తెలియదు. ‘పూర్తిగా తెరిచి ఉంది’ అని ఆప్ చెబుతున్నా లోపల వాల్వ్ మూసుకునే ఉండొచ్చు. చాలామంది ఇక్కడే పొరపడి హబ్‌ని (హెడ్‌లని ఆప్‌తో కలిపే చిన్న పెట్టె) రీసెట్ చేసి, అన్ని గదుల టైమింగులూ పోగొట్టుకుని, చివరికి ఉన్న చోటే ఉంటారు. నువ్వు రేడియేటర్ దగ్గర మొదలుపెట్టు. తర్వాత బాయిలర్, ఆ తర్వాతే ఆప్.

పాప గదిని 25కి పెంచి ఓ పావుగంట ఆగు. బాయిలర్ మండుతోందని చూసుకుని, చెయ్యి వెనక వైపుతో మెల్లగా తాకి చూడు, పైపులు కాలతాయి. వాల్వ్‌లోకి వచ్చే పైపు వేడిగా ఉండి రేడియేటర్ చల్లగా ఉంటే వాల్వ్ తెరుచుకోలేదన్నమాట. పైపే చల్లగా ఉంటే వేడినీళ్లు అక్కడిదాకా రావడం లేదు. రేడియేటర్ కింద వేడిగా, పైన చల్లగా ఉంటే లోపల గాలి చేరింది. హీటింగ్ ఆపి, చల్లారనిచ్చి, కింద గుడ్డ పట్టుకుని, పై మూలనున్న చిన్న స్క్రూని రేడియేటర్ తాళంచెవితో కొద్దిగా వదులు చెయ్యి. బుస్సుమని గాలి పోయి నీళ్లు రాగానే బిగించెయ్. ఆ తర్వాత బాయిలర్ ప్రెషర్ చూడటం మరిచిపోకు, చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. అలా కాక కింద నడిమధ్యలో చల్లగా ఉంటే అడుగున నల్లటి తుప్పు మడ్డి పేరుకుంది. దాన్ని కడిగించాలి, ఏ ఆప్‌తోనూ అది పోదు.

పైపు వేడిగా ఉండి రేడియేటర్ చల్లగా ఉంటే స్మార్ట్ హెడ్ విప్పాలి. ముందు దాని బటన్‌తోగాని ఆప్‌లోగాని మోటారు వెనక్కి వెళ్లేలా చేసి, రింగుని చేత్తో తిప్పితే వచ్చేస్తుంది. నీళ్లు కారతాయని భయపడకు, నీళ్లని ఆపేది కింద ఉన్న ఇత్తడి వాల్వే. హెడ్ దాని మీద కూర్చుని మధ్యలో ఉన్న సన్నటి పిన్నుని లోపలికి నొక్కుతుంది, అంతే దాని పని. నొక్కితే వాల్వ్ మూసుకుంటుంది, వదిలితే స్ప్రింగు పిన్నుని పైకి నెట్టి వాల్వ్ తెరుచుకుంటుంది. కాబట్టి హెడ్ తీసేస్తే రేడియేటర్ వేడెక్కాలి. వేడెక్కిందా, లోపం హెడ్‌లో ఉంది. వేడెక్కలేదా, పిన్ బిగుసుకుపోయింది. నేను చెప్పేవాటిలో బాగా ఉపయోగపడే పరీక్ష ఇదే, దీనికి పైసా ఖర్చు లేదు.

పిన్ బిగుసుకుపోవడం శరత్కాలంలో, హీటింగ్ మొదటిసారి వేసినప్పుడు ఎక్కువ. వేసవంతా మూసి ఉన్న వాల్వ్ లోపల అతుక్కుపోతుంది. స్పానర్ వెడల్పు వైపుతో పిన్నుని నిటారుగా నొక్కి వదులు, కొన్ని మిల్లీమీటర్లు లోపలికి వెళ్లి తిరిగి పైకి రావాలి. రాకపోతే వాల్వ్ పక్కన మెల్లగా తట్టు, పిన్ చుట్టూ కాస్త సిలికాన్ స్ప్రే కొట్టి మళ్లీ నొక్కి వదులుతూ ఉండు. చాలావరకు కదులుతుంది. కటింగ్ ప్లయర్‌తో పట్టి పైకి మాత్రం లాగొద్దు. పిన్ ఊడి వస్తే వేడి మురికినీళ్లు కార్పెట్ మీద చిమ్ముతాయి, ఆపడం నీ వల్ల కాదు. మొండికేస్తే ప్లంబర్‌ని పిలువు. ఇంకో మాట, వేసవిలో హెడ్‌లలోంచి బ్యాటరీలు తియ్యకు. చాలా కంపెనీల హెడ్‌లు వారానికోసారి వాల్వ్‌ని తెరిచి మూసి, పిన్ అతుక్కోకుండా చూసుకుంటాయి.

పిన్ బాగుంటే హెడ్ సంగతి చూడు. దాన్ని పెట్టడానికి ఒక వరస ఉంది. బ్యాటరీలు వెయ్యాలి, మోటారు పూర్తిగా వెనక్కి వెళ్లేదాకా ఆగాలి, చేత్తో బిగించాలి, అప్పుడు బటన్ నొక్కాలి. నొక్కగానే మోటారు నెమ్మదిగా ముందుకొచ్చి పిన్ ఎక్కడ తగులుతుందో, ఎక్కడ వాల్వ్ మూసుకుంటుందో కొలుచుకుంటుంది. ఆ కొలత తప్పితే తర్వాత చేసేదంతా తప్పే. వంకరగా బిగించినా, మోటారు ముందుకొచ్చి ఉండగా బిగించినా తప్పుతుంది. వాల్వ్‌కీ హెడ్‌కీ మధ్య బిగించే అడాప్టర్ కూడా చూసుకో. ఎక్కువ వాల్వ్‌లకి 30 మిల్లీమీటర్ల మర ఉంటుంది. డాన్‌ఫాస్ కంపెనీ వాల్వ్‌లలో చాలావాటికి వేరే అడాప్టర్ కావాలి, అందులోనూ ఆర్‌ఏ, ఆర్‌ఏవీ, ఆర్‌ఏవీఎల్ అని రకాలున్నాయి. ఒకదానికి బదులు ఇంకోటి పెడితే వదులుగా ఊగుతుంది. మోటారు తోసినప్పుడు పిన్‌కి బదులు హెడ్డే వెనక్కి జరుగుతుంది, వాల్వ్ పూర్తిగా మూసుకోదు, గది ఉడికిపోతుంది. మీ హాల్లో ఉక్కకి ఇది కారణం కావొచ్చు, అక్కడి హెడ్‌ని పట్టుకుని ఊపి చూడు.

బ్యాటరీలు ఆల్కలైన్‌వి, రెండూ కొత్తవి, ఒకే రకం వెయ్యి. రీచార్జబుల్ బ్యాటరీల్లో వోల్టేజీ 1.2 మాత్రమే, చాలా హెడ్‌ల మాన్యువల్స్ వాటిని వద్దనే చెబుతాయి.

ఇక అసలు విషయం. నీ మెసేజ్ చదవగానే నాకు అనుమానం వచ్చింది దీని మీదే. పాప గది హెడ్ వాల్వ్‌ని తెరవగలదు, కానీ బాయిలర్‌ని వెలిగించగలదా? మీ హాలు గోడ మీద థర్మోస్టాట్ ఉందిగా. బాయిలర్ దాని మాటే వింటుంటే, హాలు 20కి చేరగానే బాయిలర్ ఆగిపోతుంది. పాప గదిలో వాల్వ్ బార్లా తెరిచి ఉన్నా వేడినీళ్లు రావు. చలి గదిలో ఉంది, నిర్ణయం హాల్లో జరుగుతోంది. దీన్ని తేల్చుకోవడం తేలిక. హాలు థర్మోస్టాట్‌ని 25కి తిప్పి గంటసేపు వదిలెయ్. పాప గది వేడెక్కితే వాల్వ్‌లో ఏ లోపమూ లేదు. అప్పుడు ఆప్‌లో ఆ గదికి బాయిలర్‌ని పిలిచే అధికారం ఇచ్చారో లేదో చూడు. కొన్ని సిస్టమ్స్‌లో అది విడిగా ఎంచుకోవాలి. కొన్నిటికి బాయిలర్ దగ్గర రిసీవర్ పెట్టాలి, అది లేకపోతే గదుల పిలుపు బాయిలర్‌కి చేరే దారే లేదు. ఆ రిసీవర్‌కి 230 వోల్టుల వైరింగ్ ఉంటుంది, నువ్వు చెయ్యి పెట్టకు. బాయిలర్ మూత విప్పాల్సి వస్తే గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో (గ్యాస్ పనికి అనుమతి ఉన్నవాళ్ల జాబితా) ఉన్న మనిషినే పిలిచి, కార్డు అడిగి చూడు. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే ఈ వారమే కొను.

ఒక రేడియేటర్ ఎప్పుడూ తెరిచే ఉండాలి, సాధారణంగా బాత్రూంలో తువ్వాళ్లు ఆరేసేది. అన్నీ ఒకేసారి మూసుకుంటే పంపు నీళ్లని ఎక్కడికీ తోయలేదు. అలాంటప్పుడు నీళ్లకి వేరే దారి ఇచ్చే బైపాస్ వాల్వ్ ఉన్న ఇళ్లలో ఈ ఇబ్బంది లేదు, మీ ఇంట్లో ఉందో లేదో ఇంజినీర్‌ని అడుగు.

మన ఇళ్లలోనే ఎక్కువగా వచ్చే ఇబ్బంది ఒకటుంది. ఎండుమిరపకాయల పోపు వెయ్యగానే ఘాటుకి కిటికీ తెరుస్తాం. చల్లగాలికి హెడ్ దగ్గర ఉష్ణోగ్రత చటుక్కున పడిపోతే ‘కిటికీ తెరిచారు’ అనుకుని అది వాల్వ్ మూసేస్తుంది, కిటికీ వేసేసినా కాసేపటిదాకా తెరవదు. అమ్మ వచ్చాక వంట ఎక్కువవుతుంది కాబట్టి వంటింటికి, దాన్ని ఆనుకున్న గదికి ఆ సదుపాయం ఆపెయ్.

హెడ్ మీద కర్టెన్ వేలాడుతున్నా, ఎదురుగా మంచం ఉన్నా అది రేడియేటర్ వేడినే కొలిచి, గది వెచ్చబడిందనుకుని ముందే మూసేస్తుంది. పాప ఉయ్యాల ఎత్తులో, రేడియేటర్‌కి దూరంగా ఒక మామూలు థర్మామీటర్ పెట్టి, గది నిలకడగా ఉన్నప్పుడు తేడా చూసి ఆప్‌లో సరిచెయ్యి. అన్నట్టు, పాప గదికి 21 అక్కర్లేదమ్మా. ఇక్కడ పసిపిల్లలు పడుకునే గదికి 16 నుంచి 20 మధ్య ఉండాలని చెబుతారు, పిల్లలకి వేడి ఎక్కువవడమే మంచిది కాదు. 18 పెట్టు. అమ్మానాన్నల గదికి 21 ఉంచు, వాళ్లకది కావాలి.

సిగ్నల్ గురించి క్లుప్తంగా చెబుతాను. హెడ్‌లు బ్యాటరీ ఆదా కోసం మధ్యమధ్య నిద్రపోతాయి, నువ్వు మార్చింది అందడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. మళ్లీ మళ్లీ నొక్కకు. తరచూ ‘ఆఫ్‌లైన్’ అంటుంటే హెడ్ విప్పి హబ్ పక్కన పెట్టి చూడు. అక్కడ పనిచేస్తే దూరమో గోడో అడ్డం వస్తోందన్నమాట. హెడ్‌లు జిగ్బీ అనే వైర్‌లెస్ పద్ధతి రకమైతే వైఫై కూడా వాడే 2.4 గిగాహెర్ట్జ్‌లోనే నడుస్తుంది, కాబట్టి హబ్‌ని వైఫై రౌటర్‌కి ఓ మీటరు దూరం జరుపు. మధ్య గదిలో అదే రకం స్మార్ట్ ప్లగ్ ఒకటి పెడితే సిగ్నల్‌ని ముందుకి అందిస్తుంది. బ్యాటరీతో నడిచే హెడ్‌లు ఒకదాని సిగ్నల్ ఇంకోటి అందించవు.

ఇవాళ సాయంత్రం రెండే రెండు పనులు చెయ్యి. హాలు థర్మోస్టాట్ పెంచి చూడటం, అప్పటికీ గది వేడెక్కకపోతే పాప గది హెడ్ విప్పి పిన్ నొక్కి చూడటం. వాల్వ్ ఇత్తడి మీద ఏం అక్షరాలున్నాయో ఫొటో తీసి పంపు, ఏ అడాప్టర్ కావాలో చూసి చెబుతాను. అంతవరకు కొత్త హెడ్ ఏదీ ఆర్డర్ పెట్టకు.

ఆశీస్సులతో,
మామయ్య