పావురాలను పట్టించి వదిలేస్తే పోతాయా?

ప్రశ్న: మా బాల్కనీకి వల కట్టిస్తే పావురాలు పక్క ఫ్లాట్ ఏసీ వెనక్కి చేరాయి. టెర్రస్ మీద ఒక పెద్దాయన రోజూ జొన్నలు చల్లుతారు. పట్టించి ఊరవతల వదిలేద్దామా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: వద్దండీ, డబ్బు దండగ. అవి ఇంటి దారి మరిచే రకం కాదు. పైగా పిల్లల కోసం పురుగులు వెతికే పని లేదు. తల్లీ తండ్రీ ఇద్దరి గొంతుసంచిలోనూ పాలలాంటిది ఊరుతుంది. గింజలు దొరికితే చాలు, ఏడాది పొడవునా రెండేసి గుడ్లు. స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో 1961-85 మధ్య దాదాపు లక్ష పావురాలను చంపినా సంఖ్య తగ్గలేదు, ఖాళీలను కొత్త పిల్లలు నింపేశాయి. 1988 నుంచి గింజలు వేయొద్దని జనానికి నచ్చజెప్పాక నాలుగేళ్లలో సుమారు సగమయ్యాయి. పెద్దాయనది పుణ్యం చింత, కాదనను. కానీ వలవాడి కంటే ముందు ఆయనతోనే మాట్లాడండి, కాస్త మెల్లగా.