ఆ కారు బానెట్ ఎత్తే ముందు

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడలు పాత బెంజి కొనుక్కొచ్చిందిరా. షెడ్డుకి ఇవ్వదట, తనే బాగుచేసుకుంటుందట. నువ్వైనా చెప్పు" అంది. చెబుదామనే నీ నంబర్ తీశాను. మళ్లీ పెట్టేశాను. ఎనిమిదేళ్లప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో మన షెడ్డుకొచ్చి నా పక్కన గొంతుక్కూర్చునేదానివి. పది-పదకొండు స్పానర్ అడిగితే పన్నెండు-పదమూడు ఇచ్చి, "ఇది పడుతుందేమో చూడు మావయ్యా" అనేదానివి. ఆ పిల్ల ఇవాళ తన జీతంతో కారు కొని, తనే విప్పుతానంటోంది. నాకు ఎంత గర్వంగా ఉందో అంత భయంగానూ ఉంది. అందుకే ఈ ఉత్తరం.

మంచి ఇంజనే కొన్నావు. 1.8 లీటర్లకే 163 హార్స్‌పవర్ వస్తోందంటే, బెల్టుతో తిరిగే ఆ సూపర్‌చార్జర్ గాలిని నొక్కి లోపలికి తోయబట్టే. ఐడ్లింగ్‌లో ఆర్‌పీఎమ్ ముల్లు ఊగుతోందని, మొన్న బెంజి సర్కిల్ సిగ్నల్లో రెండుసార్లు ఆగిపోయిందని విన్నాను. బ్యాటరీ, ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ చూసే ఉంటావు. అవి బాగుంటే, ఏదో కన్నం నుంచి ఇంజన్ దొంగగా గాలి లాగుతోందని నా అనుమానం.

అన్నిటికంటే ముందు బ్రేక్ చూడు. పెడల్ బలాన్ని పెంచే బ్రేక్ బూస్టర్ కూడా ఇంజన్ గాలి పీల్చే లాగుడు (వాక్యూమ్) మీదే బతుకుతుంది. ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదు సార్లు తొక్కు, గట్టిపడుతుంది. అలాగే తొక్కిపట్టి స్టార్ట్ చేయి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోయినా, బ్రేక్ తొక్కినప్పుడల్లా ఐడ్లింగ్ మారుతున్నా ఆ బండిని గేటు దాటించకు. గుంటూరు నుంచి ఇక్కడికి హైవే మీద ఎలాంటి లారీల మధ్య రావాలో నీకు తెలుసు.

తర్వాత స్కానర్ పెట్టి ఫ్యూయల్ ట్రిమ్, అంటే బండి కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో, చూడు. ఐడ్లింగ్‌లో ప్లస్ 15, 20 ఉండి, 2500 ఆర్‌పీఎమ్‌కి తీసుకెళ్తే సున్నా వైపు దిగిందంటే ఎక్కడో దొంగగాలి దూరుతున్నట్టే. ఐడ్లింగ్‌లో ఇంజన్ తాగే గాలే తక్కువ, అందులో కన్నం నుంచి వచ్చేది పెద్ద వాటా అవుతుంది. రేజ్ చేస్తే అదే గాలి చాలా చిన్న వాటా అవుతుంది. అలా కాకుండా రేజ్ చేసేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంటే పెట్రోల్ పంపు, ఫిల్టర్, లోపలికెళ్లే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్ వైపు వెళ్లు.

సూపర్‌చార్జర్ బండిలో ఇంకో తిరకాసు ఉంది. ఐడ్లింగ్‌లో గాలి లాగిన కన్నమే, నువ్వు గట్టిగా తొక్కినప్పుడు గాలిని బయటికి వదిలేస్తుంది. అది సెన్సర్ లెక్క కట్టేసిన గాలి. దానికి తగ్గ పెట్రోల్ ఇంజన్‌లోకి వచ్చేస్తుంది, గాలి మాత్రం ఉండదు. పికప్ చచ్చిపోయి నల్లపొగ వస్తుంది. ఇవి రెండు జబ్బులనుకుని చాలామంది రెండు సామాన్లు కొంటారు.

నీ ఇంజన్‌లో నా మొదటి అనుమానం క్రాంక్‌కేస్ బ్రీదర్ హోస్ మీద, అంటే ఇంజన్ అడుగునుంచి ఆయిల్ ఆవిరిని తీసుకెళ్లే రబ్బరు గొట్టం మీద. సిలిండర్లకి గాలి పంచే మానిఫోల్డ్ కింద కంటికి కనపడని చోట ఉంటుంది. ఆయిల్ ఆవిరికీ, మన మే నెల వేడికీ ఆ రబ్బరు అప్పడంలా తయారవుతుంది. టార్చి వేసి పైనుంచి చూస్తే నల్లగా, నిక్షేపంగానే ఉంటుంది. ఇంజన్ చల్లారాక అడుగు నుంచి వేలు పోనిచ్చి తడిమితే వంపు దగ్గర చీలిక తగులుతుంది. అది తడిమి చూడకుండా, గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీ మార్చమని ఎవరు చెప్పినా వినకు.

ఇక అసలు సంగతి. లీకు వెతకడానికి వేడి ఇంజన్ మీద పెట్రోల్ గానీ, కార్బ్యురేటర్ క్లీనర్ గానీ కొట్టకు. ఎవరో వీడియోలో చూపించారని అస్సలు కొట్టకు.

1998 మే. మధ్యాహ్నం రెండయింది, రేకుల కింద షెడ్డు పొయ్యిలా ఉంది. ఒకాయన కారు తెచ్చాడు, సాయంత్రానికి తెనాలిలో పెళ్లికి వెళ్లాలట. ఐడ్లింగ్ నిలవడం లేదు. అప్పట్లో మేం సీసా మూతకి కన్నం పెట్టి, గ్యాస్కెట్ అంచున పెట్రోల్ చిమ్మేవాళ్లం. లీకున్న చోట అది లోపలికి పోయి ఇంజన్ చప్పుడు మారుతుంది. మూడో పోర్టు (మూడో సిలిండర్‌కి గాలి వెళ్లే దారి) దగ్గర చిమ్మగానే ఇంజన్ ఒక్కసారి లేచింది. దొరికింది! అక్కడితో ఇంజన్ ఆపి గ్యాస్కెట్ విప్పాల్సింది. నేను ఆపలేదు. ఆయన్ని పిలిచి, "ఇటు రండి, చూపిస్తా" అని ఇంకోసారి, ఈసారి ధారగా కొట్టాను. నా పనితనం ఆయన కళ్లారా చూడాలని ఆశ.

ఆ ధార జారి ఎగ్జాస్ట్ మీద పడింది. భగ్గుమంది. నా ఎదురుగా మన కుర్రాడు, అప్పటికి పంతొమ్మిదేళ్లు, హ్యాండ్ ల్యాంప్ పట్టుకుని బానెట్ మీదికి వంగి ఉన్నాడు. తడి గోనెసంచి కప్పి మంట ఆర్పడానికి అర నిమిషం కూడా పట్టి ఉండదు. వాడి కుడిచేయి మణికట్టు నుంచి మోచేతి దాకా పొంగిపోయింది. ఆస్పత్రిలో కట్టు కడుతుంటే వాళ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. "ల్యాంప్ పట్టుకోవడం వీడికి సరిగ్గా రాదు బాబూ" అంది. తప్పు నాదని అక్కడే చెప్పాల్సింది. నోరు రాలేదు. వారం తర్వాత వాళ్లింటికెళ్లి చెప్పాను. మొదటిసారే లీకు దొరికింది తల్లీ. రెండోసారి ఎందుకు కొట్టానా అని ఇప్పటికీ నిద్ర పట్టని రాత్రులుంటాయి.

నువ్వు కూడా దొరికిన సంబరంలో ఇంకోసారి చూద్దామనే రకానివి. చిన్నప్పుడు టపాసు పేలలేదని దగ్గరికెళ్లి ఊదావు, గుర్తుందా? ఆ రోజు నీ వీపు మీద పడిన దెబ్బ నాదే. కొట్టి, మేడ మీదికెళ్లి ఏడ్చాను.

అందుకే స్మోక్ టెస్ట్ చేద్దాం. ఇంజన్ ఆపి, గాలి లోపలికెళ్లే దారి (ఇన్‌టేక్) మూసేసి పొగ ఎక్కిస్తే, కన్నం ఎక్కడుందో అదే చూపిస్తుంది. ఒత్తిడి ఒక పీఎస్ఐ లోపే ఉంచాలి. సూపర్‌చార్జర్ బండి కదా అని పెంచితే ఆయిల్ సీళ్లు పోతాయి. సూపర్‌చార్జర్ నొక్కిన గాలి వచ్చే గొట్టాల సంగతి ఆ తర్వాత చూద్దాం. ఇంజన్ ఆన్‌లో ఉన్నంతసేపు జడ ముడేసుకో, చున్నీ ఇంట్లో వదిలిరా. ఆ బెల్టు దేన్నీ వదలదు.

నాకు మోకాళ్ల నొప్పి, ఈ వారం రాలేను. ఆ కుర్రాడికి ఇప్పుడు సొంత షెడ్డు ఉంది, స్మోక్ మిషన్ కూడా ఉంది. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి లక్ష్మీపురం మీ ఇంటికి వస్తానన్నాడు. పని నువ్వే చేయి, వాడు పక్కనే ఉంటాడు. శనివారం రాత్రి నుంచి బండి స్టార్ట్ చేయకు, ఇంజన్ చల్లగా ఉండాలి. వాడి టీలో పంచదార కాస్త ఎక్కువ వెయ్యి. టార్చి మాత్రం నువ్వే పట్టుకో.

మీ మావయ్య