రీఫిల్ టోనర్‌ను ప్రింటర్ తిరస్కరిస్తే చిప్పు మార్చడం నేరమా?

రాయగడలో కొత్తగా జిరాక్సు దుకాణం పెట్టానని, నల్లపొడి (టోనర్) రీఫిల్ చేయించిన కాట్రిడ్జ్‌ను ప్రింటర్ ఉన్నట్టుండి ఒప్పుకోవడం లేదని, చిప్పు మారిస్తే కాపీరైట్ కేసు పడుతుందని డీలరు భయపెట్టాడని రాశారు. బయటి టోనర్ వాడనివ్వకుండా కంపెనీ ఇలా తాళం వేయడం న్యాయమేనా అనీ అడిగారు. మొదటిదానికి జవాబు సూటిగా చెప్పగలను: నిశ్చింతగా మార్చుకోండి. రెండోది అంత తేలిగ్గా తేలే సంగతి కాదు.

పర్లాకిమిడిలో కాలేజీ దారిలో నాకు జిరాక్సు, డీటీపీ దుకాణం ఉంది. ఒడియా దరఖాస్తులూ తెలుగు శుభలేఖలూ ఒకే యంత్రం మీద తీస్తాను. మూడేళ్ల క్రితం పరీక్ష ఫీజుల గడువు చివరి రోజున, బల్ల ముందు పిల్లలు బారులు తీరి ఉండగా ప్రింటర్ ఆగిపోయింది. ‘ఈ కాట్రిడ్జ్ పనికిరాదు’ అని తెర మీద ఒక్క ముక్క. ముందు రోజు రాత్రి దాకా అదే కాట్రిడ్జ్‌తో వందల కాగితాలు తీశాను. పొడి నిండుగా ఉంది, డ్రమ్ము మీద గీత లేదు, బ్లేడు మార్చి నెల కూడా కాలేదు. రాత్రికి రాత్రి ప్రింటర్ వైఫైలో తనంతట తానే అప్‌డేట్ అయిందని తరువాత తెలిసింది. కొన్న రోజున లేని తాళాన్ని నా దుకాణంలో, నేను బిల్లు కట్టే ఇంటర్నెట్ మీదుగానే తెచ్చి వేశారు. ఆ పూట దుకాణం మా ఆవిడకు అప్పగించి, పాతపట్నం మీదుగా శ్రీకాకుళం వెళ్లి నాలుగు వేలు పోసి కంపెనీ కాట్రిడ్జ్ తెచ్చాను. రీఫిల్‌కు నాకయ్యేది 350.

ఆ చిప్పును మీరు చూసే ఉంటారు. చిటికెన వేలి గోరంత పచ్చ ముక్క, దాని మీద బంగారు రంగు గీతలు, కాట్రిడ్జ్ పక్కన జిగురు టేపుతో అంటించి ఉంటుంది. చాకు మొన పెడితే లేచి వస్తుంది. అది చేసే పని, ఎన్ని పేజీలు అయ్యాయో లెక్కపెట్టి ప్రింటర్‌కు చెప్పడం, తాను కంపెనీ బిడ్డనేనని రుజువు చూపడం. లెక్క నిండితే లోపల పొడి మిగిలి ఉన్నా ‘ఖాళీ’ అంటుంది.

ఇక చట్టం. నేను వకీలును కాను. మా దుకాణంలో పిటిషన్లు జిరాక్సు తీయించుకునే వకీలు గారు ఒకరు సెక్షన్లు చదివి వినిపించారు. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరివాణ్ని కాబట్టి వాడుక మాటల్లోనే చెబుతాను.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. డిజిటల్ తాళాలు పగలగొట్టడాన్ని నేరం చేసిన 65ఏ సెక్షన్‌ను 2012 సవరణలో చేర్చారు. రెండేళ్ల దాకా జైలు, జరిమానా కూడా. మీ డీలరు చెప్పింది అంతవరకే. చెప్పనిది ఏమిటంటే, ఆ సెక్షన్ తగలాలంటే రెండు ఉండాలి. తాళం కాపీరైట్ హక్కును కాపాడేదై ఉండాలి, దాన్ని తీసినవాడికి ఆ హక్కును ఉల్లంఘించే ఉద్దేశం ఉండాలి. చిప్పు మార్చి మీరు దేన్ని కాపీ కొడుతున్నారు? నల్లపొడికి కాపీరైట్ లేదు. పైగా ఒకరి ప్రోగ్రామ్‌తో వేరొకరు సొంతంగా రాసిన ప్రోగ్రామ్ కలిసి పనిచేయడానికి అవసరమైన సమాచారం మరోచోట సులభంగా దొరకనప్పుడు, న్యాయంగా చేతికి వచ్చిన ప్రోగ్రామ్ నుంచి దాన్ని రాబట్టుకోవచ్చని 52వ సెక్షన్ చెబుతోంది. వేరే చిప్పులు తయారుచేసేవారికి ఇది ఊరట. ఒక తమాషా కూడా ఉంది. చట్టం నిషేధించని పని కోసం ఇంకొకరికి తాళం తీయడంలో సాయపడేవాడు, ఆ మనిషి పేరు, చిరునామా, ఎందుకు తీయించుకున్నాడో పుస్తకంలో రాసి ఉంచాలట. పాతపట్నంలో మాకు చిప్పులు అమ్మే కుర్రవాడికి ఈ మాట చెబితే, ఉద్దెర పుస్తకం ఎలాగూ ఉంది, అందులోనే రాస్తానన్నాడు.

డీలరు బెదిరింపు అసలు అమెరికా సరుకు. అక్కడ 1998లో వచ్చిన చట్టం తాళం తీయడాన్నే తప్పు చేసింది, ఉద్దేశాన్ని మనంత గట్టిగా అడగదు. దాని అండతోనే లెక్స్‌మార్క్ అనే ప్రింటర్ కంపెనీ, తన కాట్రిడ్జ్‌లకు సరిపోయే చిప్పులు చేసిన స్టాటిక్ కంట్రోల్ మీద కేసు వేసింది. కాపీరైట్ ఉందని వాదించినవాటిలో కాట్రిడ్జ్ చిప్పులోని ప్రోగ్రామ్‌లూ ఉన్నాయి, వాటిలో పెద్దది 55 బైట్లు. కంప్యూటర్‌లో పర్లాకిమిడి అని మా ఊరి పేరు తెలుగులో కొడితేనే 33 బైట్లు అవుతుంది! కింది కోర్టు కంపెనీ వైపు మొగ్గినా, 2004లో అప్పీలు కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. అంటే అక్కడ కూడా ఆ ఎత్తు పారలేదు.

ఇక మీ రెండో ప్రశ్న, బయటి టోనర్‌తో పోటీని అడ్డుకునే సంగతి వేరు. కాపీరైట్ చట్టం మిమ్మల్ని పట్టుకోలేదన్నంత మాత్రాన కంపెనీని ఇంకో చట్టం పట్టుకుంటుందని కాదు. వ్యాపారంలో పోటీని కాపాడే 2002 నాటి కాంపిటీషన్ చట్టంలో, పోటీని దెబ్బతీసే ఒప్పందాలను నిషేధించే మూడో సెక్షన్, కాపీరైటు, పేటెంటు కాపాడుకోవడానికి సబబైన షరతులు పెట్టుకోవచ్చని మినహాయింపు ఇచ్చింది. ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేయడం గురించిన నాలుగో సెక్షన్‌లో అలాంటి మినహాయింపు లేదు. మనకు ఆశ చూపేది కార్ల కేసు. విడిభాగాలు, లోపం కనిపెట్టే సాఫ్ట్‌వేర్ పరికరాలు బయటి మెకానిక్కులకు ఇవ్వడం లేదని 2011లో వచ్చిన ఫిర్యాదు మీద, కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. మేధో హక్కుల సాకును ఒప్పుకోలేదు. కారు కొన్నాక దాని విడిభాగాలకు ఆ కంపెనీయే దిక్కు కాబట్టి, ఆ చిన్న బజారులో అది ఏకఛత్రాధిపతి అని కమిషన్ తర్కం. తరువాత అప్పీళ్లు నడిచాయి, అది వేరే కథ.

ఈ తర్కం ప్రింటర్లకు అచ్చంగా అతుకుతుందని నేనూ మొదట సంబరపడ్డాను. కానీ యూరప్‌లో సిరా కాట్రిడ్జ్‌లు తయారుచేసేవారి సంఘం నాలుగు పెద్ద ప్రింటర్ కంపెనీల మీద ఇలాంటి ఫిర్యాదే ఇస్తే అక్కడి కమిషన్ తోసిపుచ్చింది, 2013లో పై న్యాయస్థానమూ దాన్నే సమర్థించింది. ప్రింటర్లు అమ్మే దగ్గర పోటీ బాగా ఉంటే, కాట్రిడ్జ్ ధర చూసుకునే జనం ప్రింటర్ కొంటారు కదా అని వాళ్ల ఆలోచన. నా మటుకు నాకు ఇది బల్ల ముందు నిలబడనివాడి ఆలోచన. కొనేటప్పుడు ధర లెక్క వేసుకోవచ్చు, నిజమే. ఏడాది తరువాత రాత్రిపూట వచ్చే అప్‌డేట్‌ను ఏ లెక్కలో వేసుకుంటాం?

కంపెనీ వైపు మాట ఒకటి ఒప్పుకోవాలి. చవక పొడి వేయించి ఒకసారి ఫ్యూజర్ (పొడిని వేడితో కాగితానికి అతికించే భాగం) పాడు చేసుకున్నాను, దానికి కంపెనీ వారంటీ ఇవ్వలేదు. తప్పు నాది. అలా పాడైనదానికి వారంటీ ఇవ్వకపోవడం వేరు, అసలు పనే చేయనివ్వకపోవడం వేరు.

మీరు చేయవలసింది, ముందు ప్రింటర్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేయండి. నేనైతే వైఫైయే తీసేసి కేబుల్‌తో నడుపుతున్నాను. తెర మీద వచ్చిన సందేశాన్ని, తేదీ కనిపించేలా ఫోటో తీసి బిల్లుతో కలిపి దాచండి. కాంపిటీషన్ కమిషన్ దాకా మనబోటి వాళ్లు ఒంటరిగా వెళ్లి గెలవడం కష్టం, ఏళ్లు పడుతుంది. మీ జిల్లా వినియోగదారుల కమిషన్ దగ్గర మాత్రం నిలబడవచ్చు. ‘వ్యాపారానికి కొన్నారు కదా, మీరు వినియోగదారులు కారు’ అంటారు. బతుకుతెరువు కోసం స్వయం ఉపాధిగా నడుపుకునేవారిని 2019 చట్టం వినియోగదారులుగానే చూస్తుంది, ఆ మాట ఫిర్యాదులోనే రాయండి. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి నమోదు చేయించుకుంటే ఒక నంబరు చేతికొస్తుంది.

డీలరు మళ్లీ కేసు అంటే, ఏ సెక్షనో కాగితం మీద రాసి ముద్ర వేసి ఇమ్మనండి. మా డీలరును అలాగే అడిగాను. ముద్ర మేనేజరు దగ్గర ఉందని వెళ్లినవాడు, మళ్లీ ఆ ఊసెత్తలేదు.