పాలు తాగినా పాప బరువు పెరగడం లేదు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా పాపకు పుట్టుకతోనే గ్రహణం మొర్రి ఉంది, అంగిలి కూడా చీలింది. పుట్టినప్పుడు 2.8 కిలోలున్న పాప రెండు నెలలు నిండినా 3.5 కిలోలే ఉంది. గంటసేపు రొమ్ము పట్టించినా ఏడుస్తూనే ఉంటుంది, పాలు ముక్కులోంచి వస్తున్నాయి. మా అత్తగారు గేదెపాలలో నీళ్లు కలిపి పట్టమంటున్నారు. గ్రహణం నాడు నేను కత్తిపీట ముట్టుకున్నందుకే ఇలా అయిందంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, కోనసీమ

జవాబు: అమ్మా, ముందు ఆ కత్తిపీట మాటను మనసులోంచి తీసేయండి. గర్భం తొలి మూడు నెలల్లోనే పెదవి, అంగిలి రెండు వైపుల నుంచి వచ్చి అతుక్కుంటాయి. ఆ అతుకు పడకపోవడానికి, గ్రహణానికి ఏ సంబంధమూ లేదు.

బరువు విషయంలో మాత్రం తొందరపడవలసిందే. రెండు నెలల ఆడపిల్ల 3.9 కిలోలకు తగ్గితే తక్కువ బరువు కిందే లెక్క. ఈ వయసులో రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి, మీ పాప 12 గ్రాముల చొప్పునే పెరిగింది. అంగిలి చీలిన బిడ్డ నోటితో పాలు లాగలేదు. గంటసేపు చప్పరించిన శ్రమకే తాగిన కాసిని పాల బలమూ ఖర్చయిపోతుంది.

మీ పాలనే పిండి, మరిగించిన ఉగ్గుగిన్నెతో పట్టండి. పాపను ఒడిలో ఇంచుమించు కూర్చోబెట్టినట్టు పట్టుకుని, గిన్నె మూతిని చీలిక లేని వైపు బుగ్గ లోపలికి ఆనించి, ఒక గుక్క మింగాకే మరో గుక్క పోయండి. గాలి ఎక్కువ మింగుతుంది గనుక మధ్యమధ్య భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించండి. ముక్కులోంచి కొంచెం పాలు వస్తే బెదరకుండా తుడిచి, కాసేపాగి మళ్లీ పట్టండి. కిలో బరువుకు రోజుకు 150 మిల్లీలీటర్ల లెక్కన మీ పాపకు 525 కావాలి, అంటే ఎనిమిది విడతలుగా సుమారు 65 చొప్పున. ఒక్కో విడతా అరగంటలో ముగియాలి. నీళ్లు కలిపిన గేదెపాలు కడుపు నింపుతాయే గానీ బరువునివ్వవు. ఈ మాట అత్తగారికి నెమ్మదిగా చెప్పండి. ఉగ్గు పట్టడంలో ఆవిడ చేయి తిరిగినవారే అయి ఉంటారు, ఆ నేర్పు ఇప్పుడు మీకు ఎంతో అవసరం.

ఈ వారంలోనే పిల్లల వైద్యునికి చూపించి, గుండెను కూడా పరీక్షించమనండి. డొక్కలెగరేస్తున్నా, పెదవులు నీలిరంగుకు తిరిగినా, పాలకు లేవకుండా మగతగా ఉన్నా ఆ పూటే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. పెదవికి శస్త్రచికిత్స సాధారణంగా 3 నుంచి 6 నెలల మధ్య, బరువు 5 కిలోల దరికి, హిమోగ్లోబిన్ 10 గ్రాములకు చేరాక చేస్తారు. అంగిలికి 9 నుంచి 18 నెలల మధ్య. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఈ చికిత్స ఉచితం గనుక మీ ఊరి ఆశా కార్యకర్తతో ఇప్పుడే పేరు రాయించండి, అంగన్‌వాడీలో వారం వారం పాపను తూయించి ఆ అంకెలు ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి.