డబ్బాల వేటకు పిల్లలతో బయలుదేరే ముందు

చి.సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

హైదరాబాదు నుంచి ఒరెగాన్‌లోని బీవర్టన్ వచ్చి మూడు నెలలైనా శని, ఆదివారాల్లో పిల్లలు టాబ్లెట్ వదలడం లేదనీ, నేను పద్నాలుగేళ్ళుగా చేస్తున్న జియోక్యాషింగ్, అంటే ఎవరో దాచిన డబ్బాలను జీపీఎస్ సాయంతో వెతికే ఆట గురించి వివరంగా చెప్పమనీ అడిగావు. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావని వ్రాస్తున్నాను. క్యాష్ అనగానే డబ్బు అనుకునేవు. దీని స్పెల్లింగు వేరు, దాచిపెట్టిన వస్తువు అని అర్థం. మా ఇంట్లో మాత్రం మొదటినుంచీ అందరం డబ్బా అనే అంటాం.

ఈ ఆట పుట్టింది మీ ఇంటికి గంట ప్రయాణం కూడా లేని చోట. జీపీఎస్ ఉపగ్రహాల నుంచి సామాన్యులకు అందే సంకేతాలలో కావాలని పెట్టిన తప్పును అమెరికా ప్రభుత్వం 2000 మే మొదట్లో తీసివేయడంతో, అంతవరకు వంద మీటర్ల దాకా పొరబడే పరికరాలు రాత్రికి రాత్రే పదిరెట్లు మెరుగయ్యాయి. ఆ మెరుగుదలను పరీక్షించాలని డేవ్ అల్మర్ అనే ఆయన మే 3న బీవర్‌క్రీక్ దగ్గర ఒక నల్ల బకెట్‌లో పుస్తకాలు, ఒక ఉండేలు, ఒక బీన్స్ డబ్బా వంటివి పెట్టి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో ప్రకటించాడు. కొద్ది రోజుల్లోనే ఒకాయన వెళ్ళి కనిపెట్టాడు. ఇప్పుడక్కడ ఒక ఫలకం ఉంది. అయితే మొదటి ప్రయాణం అక్కడికే పెట్టుకోకు. పిల్లలకు ఫలకం కన్నా మూత తీసే డబ్బా ముఖ్యం.

డబ్బాను ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. ప్రతి డబ్బాకూ రెండు అంకెలు ఉంటాయి: ఒకటి వెతకడం ఎంత కష్టమో చెబుతుంది, రెండోది దారి ఎంత కష్టమో చెబుతుంది, రెండూ ఒకటి నుంచి ఐదు వరకు అర అర చొప్పున పెరుగుతాయి. చిన్నదానికి ఐదేళ్ళు కాబట్టి ఈ ఏడాదంతా రెండు దాటకు. దారి అంకె ఒకటి అంటే చక్రాల కుర్చీ కూడా పోగలదని అర్థం. మీ అత్తగారు ఆరు నెలలు ఉండడానికి వస్తున్నారన్నావు కదా, మోకాళ్ళ నొప్పులున్నా ఆవిడను ఇంట్లో కూర్చోబెట్టకుండా అలాంటి చోట్లకు తీసుకువెళ్ళవచ్చు. అంకెలతోపాటు సైజు కూడా చూడు. మైక్రో అని ఉన్నవి వేలెడంత గొట్టాలు, లోపల కాగితపు చుట్ట తప్ప ఏమీ ఉండదు; అల్లుడుగారికి నచ్చుతాయేమో గానీ పిల్లలు ఉసూరుమంటారు. రెగ్యులర్ సైజువి అయితే పాత మిలిటరీ తూటాల పెట్టె అంత ఉండి, లోపల చిల్లర బొమ్మలుంటాయి. చందా కట్టకుండానే ఫోన్‌లోని జియోక్యాషింగ్ యాప్‌లో తేలికైనవి చాలా కనబడతాయి, కాబట్టి ఆరు నెలల వరకు డబ్బు ఖర్చుపెట్టకు.

ఇక వెతకడం. కొత్తవాళ్ళందరూ చేసే పొరపాటు ఒకటే, చివరిదాకా ఫోన్‌లోని బాణాన్నే చూస్తూ నడవడం. అక్షాంశంలో చివరి అంకె ఒకటి మారితే నేలమీద దాదాపు రెండు మీటర్లు మారుతుంది. అంత సూక్ష్మంగా సంఖ్య ఇచ్చినా, ఇక్కడి డగ్లస్ ఫర్ చెట్ల కింద సంకేతాలు కొమ్మలకు అడ్డుపడి చెదిరిపోతాయి గనుక బాణం పిచ్చిపట్టినట్టు తిరుగుతుంది. ముప్పై అడుగుల దూరానికి రాగానే ఫోన్ జేబులో పెట్టి, "నేనే దాచాలంటే ఎక్కడ దాస్తాను?" అని పిల్లలను అడుగు. గాలికి రాలిన పుల్లలు ఎప్పుడూ వరుసగా పేర్చినట్టు పడవు. మొద్దు పక్కన నాలుగు పుల్లలు పక్కపక్కనే పడుకుని ఉంటే అక్కడ మనిషి చెయ్యి పడిందన్నమాట. స్థలం సొంతదారు అనుమతి లేకుండా డబ్బాను పాతిపెట్టడం నియమాలకు విరుద్ధం, కాబట్టి మట్టి తవ్వనివ్వకు. నీకు ముందే కనబడినా నోరు మెదపకు. నేను మొదటి ఏడాది మా అబ్బాయికన్నా ముందు "అదిగో" అని అరిచేవాణ్ణి. వాడు నాలుగుసార్లు చూసి, ఐదోసారి కారు దిగనన్నాడు.

ఎంతకీ దొరకకపోతే చూసుకోమని డబ్బా పెట్టినవారు ఇచ్చే సూచన ఇంగ్లీషు అక్షరాలను పదమూడు స్థానాలు జరిపి వ్రాసి ఉంటుంది: ఎ బదులు ఎన్, బి బదులు ఓ. యాప్‌లో ఒక్క నొక్కుతో విడిపోతుంది గానీ, పెద్దవాడికి కాగితం, పెన్సిలు ఇచ్చి కారులో విప్పుకోమను. అరగంట వెనకసీటు ప్రశాంతంగా ఉంటుంది.

డబ్బా దొరికాక లోపలి పుస్తకంలో తేదీ వేసి సంతకం చేయాలి. పెన్ను మీదే ఉండాలి, లోపలిది సాధారణంగా పనిచేయదు. బొమ్మ తీసుకుంటే అంతకు తగ్గనిది పెట్టాలి. తినుబండారాలు మాత్రం వద్దు, ఆ వాసనకు జంతువులు వచ్చి డబ్బా కొరికేస్తాయి. నేనోసారి ఏటికొప్పాక లక్క బొంగరం ఒకటి పెట్టి వచ్చాను. వారం తరువాత ఎవరో తల్లి, తమ పాప దాన్ని ఇంటికి వెళ్ళిందాకా అరచేతిలోంచి దించలేదని యాప్‌లో వ్రాసింది. దొరకకపోతే దొరకలేదనే నమోదు చేయి, అది చిన్నతనం కాదు. డబ్బా పోయిందేమో పెట్టినవారికి తెలిసేది దానివల్లే.

రెండు జాగ్రత్తలు గట్టిగా చెబుతున్నాను. మన ప్రాంతపు విలామెట్ లోయ పొడవునా పాయిజన్ ఓక్ అనే పొద ఉంటుంది, మారేడు దళంలా మూడేసి ఆకులతో. మన నల్లజీడి, జీడిమామిడి కుటుంబానికే చెందినది. చాకలివాళ్ళు బట్టలకు గుర్తుపెట్టే జీడి అంటుకుంటే ఎలా పొక్కుతుందో ఇదీ అలాగే. ఆ సంగతి తెలిసి కూడా నేను చెయ్యి మోచేతి దాకా ఆ పొదలోకి పెట్టి మూడు వారాలు పడ్డాను. నిండు చేతుల చొక్కాలు వేసుకోండి, తగిలిందనిపిస్తే వెంటనే సబ్బుతో కడగండి, ఇంటికి రాగానే చెవుల వెనక, మోకాళ్ళ వెనక పిడుదులు (టిక్స్) పట్టాయేమో చూడండి.

రెండోది మనబోటివాళ్ళు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసినది. చీకటి పడ్డాక దుకాణాల పార్కింగు స్థలంలో దీపస్తంభం అడుగు తడుముతున్న నన్ను చూసి ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు. వచ్చిన అతనికి చేతులు కనబడేలా నిలబడి, ఆట పేరు చెప్పి, ఫోన్ చూపించాను. విని నవ్వి వెళ్ళిపోయాడు. అయినా ఆ తరువాత దీపస్తంభాల జోలికి పోలేదు. మీరు పగలే, పార్కులలోనే తిరగండి. ఎవరైనా అడిగితే ఉన్నమాట చెప్పండి, కథలు అల్లకండి.

క్రేటర్ లేక్ వంటి నేషనల్ పార్కులలో సాధారణంగా డబ్బాలు పెట్టనివ్వరు. అటువంటి చోట్ల ఎర్త్‌క్యాష్ అని వేరే రకం ఉంటుంది. రాళ్ళనో నీటినో పరిశీలించి ప్రశ్నలకు జవాబులు పంపడమే. వేసవిలో వెళ్ళినప్పుడు చూద్దురుగాని.

వచ్చే శనివారం పొద్దున్న పదింటికి మా ఇంటికి రండి. మా వెనక పార్కులో ఒకటిన్నర అంకెలో పెద్ద డబ్బా ఉంది, నేను వేలు పెట్టను. నా పాత జీపీఎస్ పరికరం పెద్దవాడికి ఇచ్చేస్తాను. దానికి రెండు ఏఏ బ్యాటరీలు మాత్రం మీరే తెచ్చుకోండి.

ఆశీస్సులతో,
పెదనాన్న