సభ్యుల ఇళ్లను పటం మీద గుర్తించబోయే తమ్ముడికి

విశాఖపట్నం

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు నామమున వందనములు. గృహ కూటాలను ప్రాంతాల వారీగా విభజించడానికి సంఘ కుటుంబాల చిరునామాలన్నీ, మన సొంత గుర్తులతో పటం తయారుచేసుకొనే గూగుల్ మై మ్యాప్స్‌లోకి ఎక్కించదలచావని తెలిసి సంతోషించాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడి ఫోన్లు మూగబోయినప్పుడు, అప్పటి కార్యదర్శిగా రిజిస్టరు చంకన పెట్టుకొని కంచరపాలెం సందుల్లో ఇల్లిల్లూ వెతుక్కుంటూ తిరిగినవాణ్ణి గనుక, ఈ పని విలువ నాకు తెలుసు.

పటం సంగతి తరువాత. ముందు చిరునామాల పట్టిక సరిచెయ్యి. ‘నీళ్ల ట్యాంకు ఎదురు సందు, వేపచెట్టు ఇల్లు’ అని మన రిజిస్టరులో రాసుకున్న ఆనవాళ్లు పోస్టుమాన్‌కు చాలుతాయి గాని యంత్రానికి చాలవు. డోర్ నంబరు, వీధి, కాలనీ, నగరం, పిన్‌కోడ్ వేర్వేరు గడుల్లో రాయి, ఎం.వి.పి. కాలనీ అయితే సెక్టార్ సంఖ్య కూడా ఉండాలి. ఎక్కించేటప్పుడు ఏయే గడులను చిరునామాగా తీసుకోవాలో మై మ్యాప్సే అడుగుతుంది. పటం మీద ఒక పొరలో, అంటే ఒక విడత గుర్తుల గుంపులో, 2,000 వరుసల వరకు పడతాయి గనుక మనకు చోటుకు కొదవ లేదు.

అసలు చిక్కు ఇక్కడుంది. చిరునామాను పూర్తిగా పోల్చుకోలేనప్పుడు అది ఊరుకోకుండా ఆ కాలనీ మధ్యలో ఎక్కడో ఒకచోట గుర్తు పెట్టేస్తుంది. ఆరిలోవ కుటుంబాలు ఏడు ఒకే చుక్క మీద కనిపిస్తే, అవన్నీ ఒకే ఇంట్లో కాపురముంటున్నాయని కాదు. అటువంటివాటిని వేరుగా రాసుకొని, ఆ ఇంటికి ప్రార్థనకు వెళ్లినప్పుడు గుమ్మం ముందు నిలబడి ఫోనులోని పటం మీద వేలు నొక్కిపట్టి, వచ్చిన అక్షాంశ, రేఖాంశాల అంకెలను పట్టికలో చేర్చు. మన నగరానికి అక్షాంశం సుమారు 17.7, రేఖాంశం సుమారు 83.3, ఆ రెండూ తారుమారైతే గుర్తు ఉత్తర ధ్రువం దాపున మంచు సముద్రంలో పడుతుంది, అక్కడ మన విశ్వాసులెవరూ లేరు.

కూటాలను విభజించేటప్పుడు చుక్కల దగ్గరతనాన్ని మాత్రమే నమ్మవద్దు. పటం మీద వన్‌టౌన్‌కూ మల్కాపురానికీ ఎడం తక్కువే గాని, నడుమ ఓడరేవు నీళ్లున్నాయి. చుట్టు తిరిగి రావలసిన ముసలమ్మలను ఆ రెండు చోట్లకూ కలిపి ఒకే కూటంలో వేస్తే నాలుగో వారానికి ఎవరూ రారు.

ఇక గోప్యత విషయంలో నేను కఠినుణ్ణి. పటంలో పేర్లకు బదులు రిజిస్టరులోని కుటుంబ సంఖ్య మాత్రమే ఉంచు. ఫోన్ నంబర్లు, జబ్బులు, ప్రార్థన మనవులు అందులో చేర్చవద్దు. లింకు ఉన్నవారందరూ చూడగలిగేలా తెరిచి, దాన్ని సంఘ వాట్సాప్ గ్రూపులో పెడితే, ఒంటరిగా ఉండే విధవరాలి ఇల్లు ఎవరెవరికి తెలుస్తుందో మన చేతిలో ఉండదు. పాస్టరు గారికీ, కూటాల పెద్దలకూ వారి వారి ఈమెయిలు ద్వారా మాత్రమే అనుమతి ఇవ్వు. ఇష్టం లేదన్న కుటుంబాన్ని బలవంతపెట్టకుండా వదిలెయ్యి.

నేవీ కుటుంబాలు బదిలీలపై వెళ్తుంటాయి, అద్దె ఇళ్లవారు మారుతుంటారు గనుక మూడు నెలలకొకసారి పట్టిక సరిచూసి, ఒక ప్రతిని కాగితం మీద అచ్చుతీసి పాస్టరు గారి బీరువాలో ఉంచు. ఈసారి తుపాను అక్టోబరు దాకా ఆగకపోవచ్చు.

నీ శ్రేయోభిలాషి,
సంఘ పూర్వ కార్యదర్శి